ఉద్దానంలో గోల్డెన్‌రాడ్ గింజలు వేస్తే మొలుస్తాయా? కిడ్నీకి మంచిదంటున్నారు, నిజమేనా?

కంచిలి పెరడు:

అందరికీ నమస్కారమండి. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కంచిలి మండలంలో ఒక పల్లె. ఇంటి వెనక కొంత జాగా ఉంది. 2018లో తిత్లీ తుఫానుకి అందులో కొబ్బరి చెట్లు దాదాపు అన్నీ పడిపోయాయి. మళ్ళీ మొక్కలు వేశాం గానీ, అవి కాపుకొచ్చేదాకా మధ్యలో నేల ఊరికే ఉండడం ఎందుకని మందు మొక్కలు పెట్టడం మొదలుపెట్టాను. ఇప్పుడు తిప్పతీగ, నేలవేము, అడ్డసరం, వావిలి, సుగంధిపాల, కొండపిండి, గలిజేరు, నేల ఉసిరి అన్నీ ఉన్నాయి. ఊళ్ళో ఎవరికి దగ్గు పట్టినా అడ్డసరం ఆకు కోసం మా గేటు దగ్గరకే వస్తారు. అలా వచ్చినప్పుడు నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

ఇప్పుడు అడిగేది గోల్డెన్‌రాడ్ గురించి. మా అక్క కొడుకు అమెరికాలో కెంటకీలో ఉంటాడు. మొన్న వీడియో కాల్‌లో రోడ్డు పక్కన నడుస్తూ చూపించాడు. నిలువెత్తు మొక్కలు, కొస నిండా పసుపు పచ్చని పూల కుచ్చులు, వాటి మీద తేనెటీగలు. "పిన్నీ, ఇక్కడ దీంతో టీ కాచుకుని తాగుతారు, కిడ్నీలకి మంచిదంటారు" అన్నాడు. సంక్రాంతికి వస్తున్నాడు. గింజలు తెమ్మంటే ఆ రోడ్డు పక్కవే కోసి ఒక కవరులో తెస్తానంటున్నాడు.

మా వైపు సంగతి మీకు తెలిసిందే. కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. మా బావగారికి క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చూపే రక్తపరీక్ష) 3 దాటింది. ఇంకా డయాలసిస్ దాకా రాలేదు, మందులు వాడుతున్నారు. మా తోటికోడలు ఎక్కడో వీడియో చూసి "కిడ్నీలు కడిగీసే మొక్కట, నువ్వెయ్యవేటి?" అని నన్ను రోజూ అడుగుతోంది. ఆమె టెన్షన్ చూస్తే నాకు కాదనబుద్ధి కావడం లేదు. రాళ్ళకి కొండపిండి కషాయం ఇస్తున్నాం కదా, ఇదీ అలాంటిదే అనుకోవచ్చా?

మా ఎర్ర ఇసుక నేలలో, ఈ ఉక్కలో అది బతుకుతుందా? గింజ ఎప్పుడు వెయ్యాలి, ఎలా వెయ్యాలి? పెంచినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి. ఇంటర్నెట్‌లో చూస్తే అన్నీ మంచు పడే ఊళ్ళ వాళ్ళు రాసినవే కనిపిస్తున్నాయి.

---

రాజాం నారుమడి:

అమ్మా నమస్తే. మాది రాజాం. ఇక్కడ చిన్న నర్సరీ పెట్టక ముందు హోసూరు దగ్గర కట్ ఫ్లవర్ పాలీహౌస్‌లో కొన్నేళ్ళు పనిచేశాను. అక్కడ గులాబీ, జెర్బెరాతో పాటు గోల్డెన్‌రాడ్ కూడా పెంచేవాళ్ళం. బొకేల్లో పెద్ద పూల మధ్య సందులు నింపడానికి పెట్టే పసుపు రెమ్మలు అవే. పెళ్ళి స్టేజీల మీద మీరు చూసే ఉంటారు. కాబట్టి మొక్క మన దేశానికి కొత్త కాదు. కాకపోతే అక్కడ మేము గింజ వేసేవాళ్ళం కాదు, పిలకలు తీసి నాటేవాళ్ళం. ఆ పూల రకాలు ఎక్కువగా హైబ్రిడ్‌లు. వాటి గింజ వేస్తే తల్లి మొక్కలాగే వస్తుందని చెప్పలేం. గింజ నుంచి పెంచడం రాజాం వచ్చాక సొంతంగా చేశాను, అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

ముందు గింజ గురించి. చేతిలో వేసుకుని చూడండి, అది గింజ అని కూడా అనిపించదు. గోధుమ రంగు నలుసు, దాని తలన తెల్లటి నూగు కుచ్చు. ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. ఫ్యాను ఆపి, కిటికీ మూసి కూర్చుంటే తప్ప వేయలేరు. నేను చిటికెడు పొడి ఇసుకలో కలిపి, ఉప్పు చల్లినట్టు చల్లుతాను. అప్పుడు ఒకే చోట కుప్ప పడదు.

అన్నిటికంటే ముఖ్యం, మీద మట్టి కప్పకూడదు. ఈ గింజ మొలవడానికి వెలుతురు తగలాలి. మన అలవాటు కొద్దీ వంగ నారు, మిరప నారు పోసినట్టు పైన సన్నగా ఎరువు చల్లితే మొలకే రాదు. తడి కోకోపీట్ మీద చల్లి, అరచేత్తో కానీ చిన్న చెక్కముక్కతో కానీ మెల్లగా అదిమి వదిలెయ్యాలి. గింజ తడికి అంటుకోవాలి, కానీ కంటికి కనిపిస్తూ ఉండాలి.

కోకోపీట్ మీరు కొననే అక్కర్లేదు, మీ ఉద్దానంలో కొబ్బరి పొట్టుకి కరువేముంది. కాకపోతే పొట్టులో ఉప్పు ఉంటుంది. గోనెసంచిలో వేసి, నీళ్ళు టీ రంగు మాని తేటగా వచ్చేదాకా మార్చి మార్చి కడగండి. తర్వాత జల్లెడ పట్టి, అందులో మూడో వంతు సన్న ఇసుక కలపండి. వర్మీకంపోస్టు ఈ దశలో వద్దు. గింజలోనే మొలకకి కావలసినంత ఉంటుంది, పైన బలం ఎక్కువైతే నారుకుళ్ళు తెగులు పట్టుకుంటుంది.

ఇక చలి సంగతి. మంచు పడే దేశాల్లో గింజ శరదృతువులో నేల మీద రాలి, చలికాలమంతా తడి మట్టి మీద పడుండి, వసంతంలో మొలుస్తుంది. అందుకని వాళ్ళు చలి చూపించమని రాస్తారు. మనకి ఫ్రిజ్ చాలు. తడిపి పిండిన ఇసుకలో గింజ కలిపి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, కూరగాయల అరలో నాలుగైదు వారాలు ఉంచండి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. చలి లేకుండా మొలిచే గింజలు కూడా ఉంటాయి గానీ అవి ఇవాళ ఒకటి, పది రోజులకి ఇంకొకటి అన్నట్టు వస్తాయి. చలి చూపిస్తే కొంచెం అటూ ఇటూగా ఒకేసారి లేస్తాయి, నారు చూసుకోవడం తేలిక.

ఎప్పుడు అంటే, దీపావళి దాటాక ఫ్రిజ్‌లో పెట్టి, నవంబరు ఆఖరు నుంచి డిసెంబరులో ట్రేలో చల్లండి. మొలకకి 18 నుంచి 22 డిగ్రీలు బాగుంటాయి. మన జిల్లాల్లో అంత చల్లదనం దొరికేది ఆ రోజుల్లోనే. ఇంకో కారణం మీకు నేను చెప్పక్కర్లేదు. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ అన్నీ అక్టోబరులో వచ్చినవే. ఆ నెల గడిచాక వేస్తే నారుకి ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

చల్లాక నీళ్ళు పైనుంచి పొయ్యొద్దు, గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి. ట్రేని బేసిన్‌లో నీళ్ళలో పెట్టి అడుగు నుంచి పీల్చుకోనివ్వండి. రెండు మూడు వారాల్లో ఆవగింజంత ఆకులు రెండు కనిపిస్తాయి. ఆ దశలో ఎండ నేరుగా కాకుండా షేడ్‌నెట్ కింద ఉంచి, గాలి మాత్రం బాగా తగలనివ్వండి. మొదళ్ళు సన్నబడి నారు ఒరిగిపోతోందంటే తడి ఎక్కువైనట్టు. నేను తెగుళ్ళని అణిచే ట్రైకోడెర్మా విరిడి అనే మేలు శిలీంధ్రాన్ని ముందే కోకోపీట్‌లో కలిపి పెట్టుకుంటాను. ఆ మొదటి రెండూ కాక నాలుగు నిజమైన ఆకులు వచ్చాక కవర్లలోకి మార్చండి.

తర్వాత పెంపకానికి మీ నేల పెద్ద అడ్డంకి కాదు. ఇది బీద నేలలో బతికే మొక్క. పశువుల ఎరువు ఎక్కువ వేశారంటే పొడుగ్గా సాగి గాలికి పడిపోతుంది. దానికి కష్టం మన వేసవి, ఆ తర్వాత వాన. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎండ తగిలి, పది దాటాక నీడ పడే చోట పెట్టండి. వానాకాలంలో నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. ఆకు మీద బూడిద తెగులు, తుప్పు తెగులు కూడా వస్తాయి. మొక్కకి మొక్కకి మధ్య అడుగున్నర దూరం ఉంటే తగ్గుతాయి.

పూల మీద మాత్రం మరీ ఆశ పెట్టుకోకండి. కెంటకీలో జూన్‌లో పగలు పద్నాలుగున్నర గంటలు దాటి ఉంటుంది, ఆ పొడవు పగళ్ళలో కాడ బాగా సాగి, పగలు తగ్గుతున్నప్పుడు పూస్తుంది. మనకి ఎంత ఎండాకాలమైనా పగలు పదమూడు గంటల పైన కొద్దిగా ఉంటుంది, అంతే. అందుకే మన దగ్గర కాడ పొట్టిగా ఉండగానే మొగ్గ వేసేస్తుంది, లేదంటే ఆకులు నేలకి అంటుకుని గుబురుగా కూర్చుంటుంది. కట్ ఫ్లవర్ కోసం పెంచేవాళ్ళు కాడ పొడుగు రావడానికి రాత్రిళ్ళు బల్బులు వెలిగించేది ఇందుకే. గింజ నుంచి వచ్చిన మొక్క మొదటి ఏడు పూయకపోయినా పీకెయ్యకండి, రెండో ఏడు చూడండి.

మందు సంగతి నాకు తెలియదు, తెలిసినవాళ్ళు చెప్తారు.

---

టెక్కలి సిస్టర్:

అప్పా, నేను ఈ వైపే డయాలసిస్ యూనిట్‌లో నర్సుగా చేస్తున్నాను. మొక్క పెంచుకోండి, నేను కాదనను. కానీ దాని టీ బావగారికి ఇవ్వొద్దు. ఇది ఖచ్చితంగా చెప్తున్నాను.

"కిడ్నీకి మంచిది" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. యూరప్‌లో ఈ మొక్కని చాలాకాలంగా మూత్రం ఎక్కువ వచ్చేలా చెయ్యడానికి వాడుతున్నారు. మూత్రంలో మంట, చిన్న చిన్న ఇన్ఫెక్షన్, సన్న రాళ్ళలాంటివి ఉన్నవాళ్ళు దీని టీ, దాంతో పాటు నీళ్ళు బాగా తాగితే మూత్రం ధారాళంగా వచ్చి దారి కడిగినట్టవుతుందని వాళ్ళ ఉద్దేశం. అంటే కిడ్నీ బాగా పనిచేస్తున్నవాళ్ళకి, కింద మూత్రం పోయే దారిలో ఉన్న చిన్న ఇబ్బందికి వాడేది. అక్కడి మందుల సంస్థ ఇచ్చిన సూచనల్లోనే, తీవ్రమైన గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉండి నీళ్ళు తగ్గించమని చెప్పినవాళ్ళు దీన్ని వాడకూడదని స్పష్టంగా ఉంది. పన్నెండేళ్ళ లోపు పిల్లలకీ వద్దన్నారు. మన దగ్గరకి వచ్చేసరికి ఆ జాగ్రత్తలన్నీ రాలిపోయి "కిడ్నీలు కడుగుతుంది" అన్న ముక్క ఒక్కటే వీడియోల్లో మిగిలింది.

బోరు మోటారు బాగుండి పైపులో నాచు పడితే నీళ్ళు జోరుగా వదిలి కడగొచ్చు. మోటారే కాలిపోతుంటే పైపులు కడిగి ఏం లాభం? మన ఉద్దానం జబ్బులో దెబ్బతినేది కిడ్నీయే. చాలామందికి బీపీ, షుగరు ఉండవు, మూత్రంలో ప్రోటీన్ కూడా పెద్దగా పోదు, బాధ తెలియకుండానే ఏళ్ళ తరబడి కిడ్నీ తగ్గిపోతుంది. నీళ్ళు, ఎండలో పని, పురుగుమందులు, వంశం, ఇలా ఎన్నో కోణాల్లో పరిశోధనలు జరిగాయి, ఇదే కారణమని ఇప్పటికీ తేలలేదు. అలాంటి జబ్బుకి ఒక ఆకు కషాయం విరుగుడని ఎవరైనా చెప్తే నమ్మకండి. మూత్రం తగ్గిన దశలో ఉన్నవాళ్ళు ఇలాంటి టీ లీటర్లకొద్దీ తాగితే ఆ నీరంతా కాళ్ళలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఆయాసంతో అర్ధరాత్రి తీసుకొచ్చిన మనిషిని నేను చూశాను. ఆ ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ తాగించారు.

కొండపిండి గురించి అడిగారు. రాళ్ళకి వాడడం వేరు, క్రియాటినిన్ పెరిగినవాళ్ళకి ఇవ్వడం వేరు. బావగారికి కొండపిండి, గలిజేరు, నేల ఉసిరి ఏది ఇస్తున్నా డాక్టరుకి చెప్పకుండా ఇవ్వకండి. ఆకు పసర్లలో పొటాషియం ఎక్కువగా ఉండొచ్చు. కిడ్నీ తగ్గినప్పుడు అది ఒంట్లో పేరుకుని గుండె లయ తప్పిస్తుంది. అంతెందుకు, మన కొబ్బరినీళ్ళే చూడండి. ఒక గ్లాసులో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పెరట్లో చెట్టు ఉందని పేషెంటుకి రోజూ బొండం కొట్టిచ్చే ఇళ్ళు మన వైపు ఎన్నో. పొటాషియం తగ్గించమన్న పేషెంటుకి అది ఇవ్వకూడదు. స్టార్ ఫ్రూట్ అయితే అస్సలు పనికిరాదు, అందులో ఉండే విషాన్ని పాడైన కిడ్నీ బయటికి పంపలేదు, ఫిట్స్ దాకా వెళ్తుంది.

ఇంకో మాట. మీ తోటలో ఈశ్వరి తీగ, అంటే నల్లేశ్వరి అని పాముకాటుకి వాడతారని చెప్పుకునేది ఉందా? ఉంటే దాన్ని ఎవరికీ లోపలికి ఇవ్వకండి. ఆ జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది, అది నేరుగా కిడ్నీని పాడుచేస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికని చైనా మూలికల మందు తీసుకున్న ఆడవాళ్ళకి వరసగా కిడ్నీలు పోయాయి. ఆ మందులో కలిసింది ఈ జాతి మొక్కే. బాల్కన్ దేశాల్లో డాన్యూబ్ ఉపనదుల వెంట ఉన్న పల్లెల్లో మన ఉద్దానంలాగే తరాల తరబడి కిడ్నీ జబ్బు ఉండేది. గోధుమ చేలల్లో కలుపుగా పెరిగే ఈ జాతి మొక్క గింజలు పిండిలో కలవడమే దానికి కారణమని తర్వాత తేల్చారు. మందు మొక్కల తోట పెట్టుకున్న మీలాంటివాళ్ళకి ఇది తప్పక తెలియాలి.

తోటికోడలు నాతో మాట్లాడతానంటే ఇక్కడే మెసేజ్ పెట్టించండి. పలాసలో 2023 డిసెంబరు నుంచి 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది, మీకు దగ్గరే. రిపోర్టులు పట్టుకెళ్ళి నెఫ్రాలజిస్టుకి చూపించి, ఎన్ని నీళ్ళు తాగాలి, ఏ కూర తినొచ్చు, నొప్పి మాత్రల్లో ఏది వాడకూడదు అని అడిగి రాయించుకోండి. ఒళ్ళు నొప్పులకి మెడికల్ షాపులో అడిగి వేసుకునే నొప్పి మాత్రలు కిడ్నీకి చేసే చెరుపు చిన్నది కాదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది పొలం పని చేసి రాత్రికి ఒకటి వేసుకుని పడుకునే అలవాటు ఉన్నవాళ్ళే.

---

బొబ్బిలి బోటనీ:

సిస్టర్ గారు రాసినది అక్షరాలా నిజం. నేను ఆ కెంటకీ కవరు గురించి చెప్తాను.

మీ అక్కగారి అబ్బాయికి ఫోన్ చేసి గింజలు తేవద్దని చెప్పండి. విదేశం నుంచి నాటడానికి ఏ విత్తనం తెచ్చినా, 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం ముందుగా ఇంపోర్ట్ పర్మిట్ ఉండాలి, తెగులు, పురుగు లేవని ఆ దేశం వాళ్ళు ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. బ్యాగులో చిన్న కవరే కదా అనుకోకూడదు. రోడ్డు పక్క కోసిన గింజతో పాటు ఏ శిలీంధ్రం, ఏ పురుగు గుడ్డు, ఏ కలుపు గింజ వస్తుందో ఎవరికీ తెలియదు. వయ్యారిభామ మన దేశంలో పుణె దగ్గర 1950ల్లో కంటపడింది. ఇప్పుడు మన పొలం గట్టు మీద అది లేని చోటు చూపించండి! గోల్డెన్‌రాడ్ కూడా ఆ చామంతి కుటుంబమే.

ఆ భయం ఊరికే కాదు. కెనడా గోల్డెన్‌రాడ్ని ఒకప్పుడు తోటల్లో అందం కోసం యూరప్ తీసుకెళ్ళారు, చైనా తీసుకెళ్ళారు. రెండు చోట్లా అది తోట గోడ దాటి, బీడు నేలలూ ఏటి గట్లూ ఆక్రమించుకుంది. ఒక్కో మొక్క వేలకొద్దీ గింజలు గాలికి వదులుతుంది, పైగా భూమిలో పాకే వేళ్ళతో పక్కకి విస్తరిస్తుంది, చుట్టుపక్కల మొక్కల్ని ఎదగనివ్వని రసాయనాలు కూడా వేళ్ళ నుంచి వదులుతుంది. మన ఉక్కలో అంత జోరు చూపకపోవచ్చు. అయినా అటు మహేంద్రగిరి కొండలు, ఇటు బీల భూములు (చిత్తడి నేలలు) ఉన్న చోట అలాంటి మొక్కని నేలలో వదలడం నాకు ఇష్టం లేదు.

రకం కూడా చూసుకోవాలి. గోల్డెన్‌రాడ్ శాస్త్రీయ నామం సాలిడాగో, ఆ జాతిలో నూటికి పైగా రకాలున్నాయి, ఎక్కువ భాగం ఉత్తర అమెరికావే. యూరప్‌లో పాతకాలం నుంచి మందుకి వాడింది సాలిడాగో విర్గారియా. కెంటకీ రోడ్ల పక్కన మీవాడు చూసినది కెనడెన్సిస్ కావచ్చు, ఆల్టిసిమా కావచ్చు, జైగాంటియా కావచ్చు. ఆకు అంచు, కాడ మీద నూగు భూతద్దంతో చూస్తే గానీ తేడా తెలియదు, ఒకదానితో ఒకటి కలిసి సంకరాలు కూడా వస్తాయి. ఆకు నలిపితే సోంపు వాసన వచ్చే ఒడోరా అని ఇంకొకటి ఉంది, అమెరికాలో టీకి ఇష్టపడేది దాన్నే. కాబట్టి "గోల్డెన్‌రాడ్" అన్న ఒక్క మాట పట్టుకుని టీ కాచకూడదు. పెంచడానికైతే మన దేశంలోనే అమ్మే గింజల ప్యాకెట్ కొనండి, దాని మీద శాస్త్రీయ నామం రాసి లేకపోతే వదిలెయ్యండి.

మొక్క మీద నాకున్న ఇష్టం కొద్దీ ఇంకో రెండు మాటలు. అమెరికాలో చాలామంది తుమ్ములు, కళ్ళ దురద దీనివల్లే అనుకుంటారు. అసలు కారణం అదే కాలంలో కనిపించీ కనిపించకుండా పూసే ర్యాగ్‌వీడ్ అనే కలుపు మొక్క. గోల్డెన్‌రాడ్ పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలిలో ఎగరదు, పురుగులు మోయాల్సిందే. అందుకే మీవాడి వీడియోలో అన్ని తేనెటీగలు. అయినా వయ్యారిభామ, చామంతి పడనివాళ్ళు దీన్ని ముట్టుకునేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. ఇంకోటి, బల్బు కనిపెట్టిన ఎడిసన్ చివరి రోజుల్లో వేల మొక్కలు పరీక్షించి రబ్బరు తీయడానికి ఎంచుకున్నది ఈ గోల్డెన్‌రాడ్నే. సంకరం చేసి నిలువెత్తు దాటిన మొక్కలు పెంచాడు. 1931లో ఆయన పోయేనాటికి ఆ పని ఇంకా సాగుతూనే ఉంది.

---

కంచిలి పెరడు:

ముగ్గురికీ చాలా చాలా థాంక్స్ అండి. ఇంత వివరంగా ఎవరూ రాస్తారనుకోలేదు.

సిస్టర్ రాసినది మా తోటికోడలికి నేనే చదివి వినిపించాను. మొదట ఒప్పుకోలేదు. "చెట్టు మందు కదా, అదేటి చేసీగలదు?" అంది. నొప్పి మాత్రల దగ్గరకి వచ్చేసరికి మాత్రం చదవడం ఆపమని, లోపలికెళ్ళి బావగారి మందుల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. అందులో అలాంటివి రెండు రకాలున్నాయి. కొబ్బరినీళ్ళు కూడా రోజూ ఇస్తున్నారట. వచ్చే వారం పలాస వెళ్తున్నాం, నేనూ తోడు వెళ్తాను. ఆ మాత్రలూ, నేను ఇస్తూ వచ్చిన కషాయాల పేర్లూ అన్నీ ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్తున్నాను. ఈశ్వరి తీగ మా తోటలో లేదు గానీ మా వీధి చివర ఒకాయన దగ్గర ఉంది. ఆయన తేలు కుట్టినా, జ్వరమొచ్చినా వేరు అరగదీసి ఇస్తాడు. పెద్దాయన, నొప్పించకుండా చెప్పాలి. ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాను.

మా అక్క కొడుక్కి గింజలు వద్దని మెసేజ్ పెట్టాను. "సరే పిన్నీ, ఫొటోలు తెస్తా" అన్నాడు.

గోల్డెన్‌రాడ్ మాత్రం పెంచాలని ఉందండి. మందుకి కాదు, తేనెటీగల కోసం. మా వైపు జీడిమామిడి పూత అయిపోయాక వాటికి పెద్దగా ఏమీ ఉండదు. నేలలో కాకుండా కుండీలోనే పెడతాను. విర్గారియా అని పేరు రాసి ఉన్న ప్యాకెట్ కోసం వెతుకుతాను. రాజాం బాబూ, కుండీ ఎంత పెద్దది ఉండాలి? వేళ్ళు అడుగు చిల్లుల్లోంచి నేలలోకి పోకుండా ఏం చెయ్యాలి? గింజలు గాలికి పోకుండా ఆపడం ఎలా?

---

రాజాం నారుమడి:

అమ్మా, పన్నెండు అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉన్న కుండీ మొక్కకి ఒకటి చాలు. సగం మీ ఎర్ర ఇసుక మట్టి, పావు వంతు కడిగిన కొబ్బరి పొట్టు, పావు వంతు బాగా మాగిన ఎరువు. అడుగు చిల్లుల మీద దోమతెర ముక్క రెండు మడతలు వేసి, దాని మీద పెంకు ముక్కలు పరచండి. కుండీని నేల మీద కాకుండా ఇటుకల మీద గానీ సిమెంటు పలక మీద గానీ పెట్టండి. నెలకోసారి ఎత్తి చూసి, వేరు బయటికి వస్తే కత్తిరించెయ్యండి. ఏడాదికోసారి, చలికాలం మొదట్లో, కుండీలోంచి తీసి గడ్డని విడదీసి కొత్త మట్టిలో పెట్టాలి. మధ్యలోని ముదురు గడ్డ పారేసి అంచుల్లోని లేత పిలకలు ఉంచుకోండి, అవే బాగా పూస్తాయి.

గింజల సంగతి తేలిక. పువ్వు పసుపు రంగు పోయి గోధుమ రంగుకి తిరుగుతున్నప్పుడే, తెల్ల నూగు విచ్చుకోక ముందే, కుచ్చు మొత్తం కత్తిరించి కాల్చెయ్యండి. ఎరువు గుంటలో వెయ్యొద్దు, కోసిన తర్వాత కూడా కొన్ని ముదిరి మొలుస్తాయి. తేనెటీగలకి కావలసిన పుప్పొడి, మకరందం అప్పటికే అయిపోయి ఉంటాయి కాబట్టి వాటికి నష్టం లేదు.

ఒకే కుండీతో తేనెటీగలకి సరిపోదు. పక్కనే తులసి నాలుగు మొక్కలు వెన్ను తుంచకుండా వదిలెయ్యండి, అది మనకి ఏడాదిలో ఎక్కువ రోజులు పూస్తుంది. మీ దగ్గర వావిలి ఎలాగూ ఉంది, దాన్ని మరీ కురచగా కత్తిరించకండి. డిసెంబరులో ట్రే వేశాక ఫొటో పెట్టండి, మొలక పలచగా వస్తే ఏం చెయ్యాలో అప్పుడు చూసి చెప్తాను.